రికార్డు బాగుంది, ప్రోగ్రామ్ నీదేనా?

చూలై, చెన్నై
17 సెప్టెంబరు 2023

చిరంజీవి తమ్ముడికి,


నిన్న ఫోన్లో పిన్నిది ఒకటే దిగులు. "వాడు కంప్యూటర్ ముట్టుకుని ఎరగడు, మొదటి సెమిస్టర్లోనే పైథాన్ అంట, తప్పుతాడేమోనే" అని. తప్పవులే. కాకపోతే మార్కులు ఎక్కడెక్కడ దాక్కున్నాయో తెలుసుకుని కూర్చోవడం మంచిది. ఫోన్లో చెబితే ఊఁ ఊఁ అని మర్చిపోతావు, అందుకే ఉత్తరం.

మీది అన్నా యూనివర్సిటీ అఫిలియేటెడ్ కాలేజీ, మీ బ్యాచ్‌కి 2021 రెగ్యులేషన్. పైథాన్ నీకు రెండు సబ్జెక్టులుగా వస్తుంది. థియరీలో కాలేజీ చేతిలో 40, యూనివర్సిటీ పరీక్షకు 60. ల్యాబ్‌లో తిరగబడుతుంది: కాలేజీకి 60, ఆఖరి ప్రాక్టికల్‌కి 40. మా కాలంలో థియరీకి లోపల 20, బయట 80. సెమిస్టరంతా తిరిగి, చివరి నెల కూర్చుని గట్టెక్కేవాళ్లం. ఇప్పుడు అలా కుదరదు. మొత్తం మీద 50 రావాలి, అది చాలక ఆఖరి పరీక్షలో విడిగా 45 శాతం రావాలి. ఇంటర్నల్స్ నిండుగా ఉన్నాయి కదా అని ధీమాగా వెళ్లి అక్కడ జారితే అరియర్ ఖాయం, అంటే ఆ సబ్జెక్టు మళ్లీ రాయాల్సిందే.

ల్యాబ్ ఇంటర్నల్ సంగతి కాస్త ఎక్కువ చెప్పాలి. నూటికి వేసుకుంటే ల్యాబ్‌లో అక్కడికక్కడే రాసే అబ్జర్వేషన్ నోటుకీ, తర్వాత నీటుగా ఎక్కించే రికార్డుకీ కలిపి 75, టెస్టుకి 25. ఆ వందని 60కి కుదిస్తారు. అంటే ప్రోగ్రామ్ రాయడం వచ్చా రాదా అన్నదానికంటే నోటు నీటుగా ఉందా, టైముకి సంతకం పడిందా అన్నదానికి ఎక్కువ మార్కులు. నాకిది నచ్చదు, కానీ నియమం నియమమే, ఆ మార్కులు వదులుకోకు. వారంవారం సంతకం పెట్టించుకో. సెమిస్టర్ చివర ఒక్క రాత్రిలో రికార్డు రాసే గుంపులో చేరకు.

రికార్డు తీరు నీకూ త్వరలోనే తెలుస్తుంది. ఎయిమ్, ఆల్గరిదమ్, ప్రోగ్రామ్, అవుట్‌పుట్, రిజల్ట్. ప్రతి ప్రయోగం కిందా ప్రోగ్రామ్ విజయవంతంగా నడిచింది, ఫలితం సరిచూడటమైనది అని ఒకే వాక్యం. నడవని ప్రోగ్రామ్ కిందా అదే. సిలబస్‌లో ఇచ్చిన ప్రయోగాలు అందరికీ ఒకటే: కరెంటు బిల్లు, స్టీలు కడ్డీ బరువు, మోటార్‌బైక్ బరువు, సైన్ సీరీస్, ఓటరు వయసు, చివర పైగేమ్‌తో గెంతే బంతి. ఇక సీనియర్ల రికార్డులు జిరాక్స్ కొట్లో స్పైరల్ కట్టి దొరక్క ఏం చేస్తాయి? చూసి రాసినవాడికీ బుర్ర పెట్టి రాసినవాడికీ రికార్డులో తేడా కనపడదు.

తేడా కనపడేది వైవాలో. ఓటరు వయసు ప్రోగ్రామే తీసుకో. వయసు అడుగుతావు, 18 దాటితే ఓటు ఉందంటావు, లేకపోతే లేదంటావు. 25 కొట్టి చూస్తావు, 12 కొట్టి చూస్తావు, రెండూ సరిగ్గా వస్తాయి, రికార్డు ఎక్కిస్తావు. నేను ఆఫీసులో టెస్టింగ్ చేసేదాన్ని కదా, నా చేతికిస్తే నేను ముందు కొట్టేది సరిగ్గా 18. 'దాటితే' అని రాసిన ప్రోగ్రామ్ అక్కడే దొరికిపోతుంది. తర్వాత అంకె బదులు అక్షరాల్లో పద్దెనిమిది అని కొడతాను. వాల్యూ ఎర్రర్ వచ్చి ఆగిపోతుంది. దాన్ని పట్టుకోవడం నేర్పడానికే ఆ ప్రయోగం పెట్టారు. ఆపైన మైనస్ 5 కొడతాను. ఇప్పుడు ఎర్రరేమీ రాదు, పుట్టని మనిషికి ఓటు లేదని మర్యాదగా జవాబు చెబుతుంది. ఆ తప్పు మెషీన్ నీకు చెప్పదు, నువ్వే ఊహించాలి. ఎగ్జామినర్ అడిగేవీ ఇలాంటివే. రేపు ప్లేస్‌మెంట్లలో ఆన్‌లైన్ కోడింగ్ టెస్టు రాస్తే, కనపడకుండా దాచిపెట్టే టెస్ట్ కేసులు కూడా ఇవే.

కాబట్టి రికార్డు వాళ్లకోసం రాయి, అబ్జర్వేషన్ నోటు నీకోసం రాయి. వచ్చిన ఎర్రర్ ఏ లైన్లో వచ్చిందో, ఎందుకొచ్చిందో, ఏం మారిస్తే పోయిందో మార్జిన్లో రెండు ముక్కలు గిలుకు. ఎవరైనా కొట్టివేతలు ఎక్కువయ్యాయని గొణిగితే గొణగనీ.

థియరీ పేపర్లో పదికి రెండేసి మార్కులు, అయిదింటికి పదమూడేసి, ఒకదానికి పదిహేను, మూడు గంటలు. ప్రోగ్రామ్‌ని పెన్నుతో కాగితం మీద రాయించడమేమిటని నీ క్లాసులో అందరూ నవ్వుతారు. పదిహేను లైన్ల ప్రోగ్రామ్ రాయించడం నాకూ తిక్కగానే ఉంటుంది, కానీ ఇచ్చిన ప్రోగ్రామ్ చదివి అవుట్‌పుట్ చెప్పమనడంలో తప్పులేదు. ఒక లిస్టు ఉంది. దాన్ని ఇంకో పేరుకి ఈక్వల్ చేశారు. రెండో పేరుతో ఒక అంకె అపెండ్ చేసి, మొదటి పేరుని ప్రింట్ చేయమన్నారు. కొత్త అంకె కనపడుతుందా? కనపడుతుంది, ఎందుకంటే పేర్లే రెండు, లిస్టు ఒక్కటే. ఇది బట్టీ పడితే రాదు. రోజూ రన్ నొక్కేముందు ఏమొస్తుందో పెన్సిల్‌తో రాసుకుని, తర్వాత నొక్కి చూసుకునేవాడికి వస్తుంది. ఇంకొకటి: పైథాన్‌లో ఇండెంటేషనే వ్యాకరణం. లూపు మధ్యలో పేజీ అయిపోతే, కొత్త పేజీలో అదే ఇండెంట్‌తో మొదలుపెట్టు. మార్జిన్‌కి ఆనించి రాస్తే ఆ లైను లూపు బయట పడినట్టే.

ఇక చాట్‌జీపీటీ. అది 2022 చివర్లో వచ్చింది, మీ హాస్టల్లో అప్పుడే దేవుడై ఉంటుంది. స్నేహితుడి ప్రోగ్రామ్‌లో వేరియబుల్ పేర్లు మార్చి ఇచ్చే విద్య అంతకుముందునుంచీ ఉంది. దాన్ని పట్టుకోవడానికి అమెరికాలో బర్క్‌లీ యూనివర్సిటీలో అలెక్స్ ఐకెన్ 1994లోనే మాస్ అనే సాఫ్ట్‌వేర్ చేశాడు. అది పేర్లను లెక్కచేయదు, ప్రోగ్రామ్ కట్టుబడిని పోలుస్తుంది. ఇక్కడే గిండీ పక్కన ఐఐటీ మద్రాసు వాళ్లు 2020లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ డిగ్రీ చూడు. ఇంట్లో చేసే వారపు అసైన్‌మెంట్లలో కనీస మార్కులు ఉంటేనే ఆఖరి పరీక్షకి రానిస్తారు. కానీ పైథాన్‌లో ఎక్కువ బరువు నిఘా మధ్య రాసే పరీక్షలదే, అందులో నిఘాలో కోడ్ రాసే పరీక్ష కూడా ఒకటి. ఇంట్లో ఎవరు రాశారో తెలియదు కాబట్టే ఆ ఏర్పాటు. నీకు ఆ నిఘా, కాలేజీ పెట్టే మోడల్ ప్రాక్టికల్ రోజునే మొదలవుతుంది. చాట్‌జీపీటీని అసలు ముట్టుకోవద్దని నేననను. ఎర్రర్ అర్థం కాకపోతే అడుగు. ప్రోగ్రామ్ మాత్రం దానిచేత రాయించకు.

వైవాలో తమిళం రాదని బెంగపడకు, ఇంగ్లీషులో చెప్పొచ్చు. ముందు రోజు ప్రతి ప్రోగ్రామునీ లైను లైనుగా తెలుగులో పైకి చెప్పుకో. ఎక్కడ నోరు ఆగిందో అక్కడ నీకు అర్థం కాలేదని లెక్క.

ఆదివారం వీలైతే రా. లోకల్ ట్రైన్లో ఎగ్మోర్‌లో దిగితే అక్కడినుంచి మా ఇల్లు ఆటోకి దగ్గరే. నా పాత ల్యాప్‌టాప్‌లో పైథాన్ ఎక్కించి ఉంచాను, పట్టుకుపో. అబ్జర్వేషన్ నోటు మర్చిపోకుండా తెచ్చుకో, నేను చూడాలి. రికార్డు అక్కర్లేదు.

మీ అక్క