ఫిజీ దీవులు: నేల, గాలి, మనవాళ్ళు

పిల్లలూ! ఆంధ్ర, తెలంగాణ పటాలు గీశాం, ఒమాన్ పటమూ గీశాం. ఈసారి పసిఫిక్ మహాసముద్రంలోని ఫిజీ పటం గీద్దాం. వందేళ్ళ క్రితమే తెలుగువాళ్ళు కాపురం పెట్టిన దేశం అది. అందుకే మేము ఈ పాఠం రాస్తున్నాం.

ఎక్కడ ఉంది?

విశాఖపట్నం భూమధ్యరేఖకు ఉత్తరాన ఎంత దూరమో, ఫిజీ రాజధాని సువా దక్షిణాన దాదాపు అంతే దూరం. అందుకే మనకు ఎండాకాలమైతే వాళ్ళకు చలికాలం. ఘాలాలో ఉదయం 8 గంటలైతే అక్కడ సాయంత్రం 4. దీవులు 330కి పైనే ఉన్నా, మనుషులు ఉండేవి వంద చిల్లర మాత్రమే. పెద్దవి రెండు: వీతి లేవు, వనువా లేవు. అన్నీ కలిపినా 18 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు, అంటే ఉమ్మడి అనంతపురం జిల్లా కంటే కాస్త చిన్నది. 2017 లెక్కల్లో జనాభా 8,84,887.

గాలి చేసిన పని

పెద్ద దీవులు అగ్నిపర్వతాల వల్ల పుట్టినవి. వీతి లేవు నడుమ కొండలున్నాయి. వాటిలో ఎత్తైన తొమనివి 1,324 మీటర్లు. ఆగ్నేయం నుంచి వచ్చే వ్యాపార పవనాలు సముద్రపు తేమను మోసుకొచ్చి, కొండలు అడ్డుపడగానే తూర్పు వైపే ఎక్కువగా కురుస్తాయి. సువాలో ఏడాదికి దాదాపు 3 మీటర్ల వాన. కొండ దాటాక గాలిలో తేమ తగ్గుతుంది. పడమటి కనుమల వెనక మన రాయలసీమకు వాన తగ్గడమూ ఇలాంటిదే.

చెరకు ఎదగడానికి నీరు కావాలి, తీపెక్కడానికి పొడి ఎండ కావాలి. ఆ రెండూ దొరికేది పడమటి వైపున. అందుకే నాందీ, లౌటోకా, బా ప్రాంతాలు చెరకు సీమలయ్యాయి. చెరకు ఉన్నచోటికే మనవాళ్ళూ చేరారు.

గిర్మిట్ జనం

1879 నుంచి 1916 వరకు బ్రిటిష్ పాలకులు 60 వేల మందికి పైగా భారతీయులను ఐదేళ్ళ ఒప్పందం మీద కూలికి తీసుకెళ్ళారు. ‘అగ్రిమెంటు’ అన్న మాట వాళ్ళ నోట ‘గిర్మిట్’ అయింది. 1903 నుంచి మద్రాసు రేవులోనూ ఓడ ఎక్కించారు. అలా విశాఖ, గోదావరి, కృష్ణా, ఉత్తర ఆర్కాటు జిల్లాల వాళ్ళు వెళ్ళారు. 1920 జనవరి 1న ఒప్పందాలు రద్దయ్యాయి. చాలామంది అక్కడే నిలిచి రైతులయ్యారు.

అయితే భూమిలో పదింట తొమ్మిది వంతుల దాకా స్థానిక ఈతౌకేయి ప్రజల ఉమ్మడి సొత్తు. దాన్ని కౌలుకివ్వడమే గాని అమ్మరు. తమ నేలను వాళ్ళు కాపాడుకోవడం న్యాయమే. తరాలుగా దున్నిన రైతు దిగులూ న్యాయమే. 1987 సైనిక తిరుగుబాట్లు, 1997 నుంచి ముగియసాగిన కౌళ్ళు ఎందరినో మళ్ళీ వలస పట్టించాయి.

మాట ఏమైంది?

తోటల్లో అందరికీ ఉమ్మడి మాట హిందీ అయింది. 1926లో దక్షిణాది వాళ్ళు సంగం పెట్టుకున్నారు. 1941లో తెలుగువాళ్ళు వేరుగా ఆంధ్ర సంగం ఏర్పరచుకున్నారు. బడులు నడిపారు. అయినా ఇళ్ళలో ఫిజీ హిందీ స్థిరపడింది. ఇంటిపేర్లు, పూజలు మిగిలినంతగా తెలుగు మాట మిగలలేదు. ఊరి నుంచి ఉత్తరం రావాలన్నా వాళ్ళకు ఓడ రావాల్సిందే. మనకు రోజూ ఫోనుంది, ఏటా విమానముంది. బడి వారానికి ఒక్కరోజే. మిగతా రోజులు ఇల్లే బడి.

సముద్రంతో బతుకు

2007 జూన్‌లో మస్కట్‌ను ముంచిన గోను తుఫాను మీ పెద్దల్లో కొందరికి గుర్తుండే ఉంటుంది. ఫిజీకి 2016 ఫిబ్రవరి 20న విన్‌స్టన్ తుఫాను వచ్చింది. 44 మంది చనిపోయారు. సముద్రమట్టం పెరిగి కెరటాలు ఇళ్ళలోకి రావడంతో, 2014లో వనువా లేవులోని వునిడొగొలొవా గ్రామం మొత్తం ఎత్తైన చోటికి తరలింది. భూమి వేడెక్కడంలో ఈ చిన్న దేశం వంతు బహు స్వల్పం, నష్టం మాత్రం ముందు వరసలో.

అభ్యాసం

1. సువాలో వాన ఎక్కువ, నాందీలో తక్కువ. ఎందుకు? బొమ్మ గీసి చెప్పండి.
2. ఉన్న ఊరు వదిలి అందరూ తరలవలసి వస్తే, మొదట ఏం తీసుకెళ్తారు? ఐదు వాక్యాలు రాయండి.
3. మీ తాతగారిని గాని, అమ్మమ్మను గాని ఫోనులో అడిగి, మీకు తెలియని పది తెలుగు మాటలు రాసుకురండి. వచ్చే వారం తరగతిలో చదువుకుందాం.