పనికి ప్యాంటు: గొంతుకూర్చుని చూసి తీసుకుందాం

పెళ్ళికో పండక్కో కుట్టించిన ప్యాంటు పాతబడితే పనికి వేసుకోవడం మన దగ్గర అలవాటు. పల్చటి మెరుపు బట్ట, బిగుతైన తొడలు. దాన్ని వేసుకొని పూడిక మట్టి ఎత్తడానికో, స్లాబు పనికో వెళ్తాం. మొదటి తట్టకు వంగుతామో లేదో వెనక పర్రుమంటుంది. మిగిలిన రోజంతా చొక్కా కిందికి లాక్కుంటూ పనిచేయాల్సి వస్తుంది.

పాలమూరు కూలీల పేరు దేశమంతా తెలుసు. గుంపు మేస్త్రీ వెంట వెళ్ళి ఎక్కడెక్కడో ఆనకట్టలు కట్టారు, కాలువలు తవ్వారు. నల్లగొండ అంచున కృష్ణమీద 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ డ్యామును రాయిమీద రాయి పేర్చి లేపింది కూలీల చేతులే. ఇంత పనిచేసే నేలమీద, ఒంటికి ఏ బట్ట సరిపోతుందో మొదటిసారి పనిలోకి వెళ్ళే పిల్లవాడికి ఎవరూ చెప్పరు. అందుకే ఇవాళ ఇద్దరం కలిసి ఒక పని ప్యాంటు ఎంచుకుందాం. రెడీమేడ్ తీసుకున్నా, టైలరు దగ్గర కుట్టించుకున్నా వరుస ఒకటే.

ముందుగా ఒక్క విషయం. నేను చూసిన చిరిగిన పని ప్యాంట్లలో ఎక్కువ భాగం బట్ట అరిగి పోయినవి కావు. వంగినప్పుడు చోటు చాలక కుట్టు దగ్గర పిగిలినవి. మన తాతలు ధోతి ఎగ్గట్టి పనిచేశారు. దానికి తొడల మధ్య కుట్టే లేదు, గొంతుకూర్చుంటే మడత జరిగి చోటిస్తుంది. ప్యాంటులో ఆ చోటు దానంతటదే రాదు, మనమే కొలిచి పెట్టించుకోవాలి.

ముందు మన పనిని చూద్దాం

చల్క, దుబ్బ నేలల్లో ఇసుక పాలు ఎక్కువ. మోకాలు ఆనించి కలుపు తీసినా, డ్రిప్పు పైపులు బిగించినా ఆ ఇసుక ఆకురాయిలా మోకాలి బట్టను రుద్దేస్తుంది. కంప కొట్టే పనైతే సర్కారు తుమ్మ ముల్లు పల్చటి బట్టలోంచి సూటిగా దిగుతుంది. పత్తి చేనులో ఎండిన కాయ పెచ్చుల మొనలు తొడలమీద గీరుతూనే ఉంటాయి. రాతి పనిలో తొడ ముందుభాగం అరుగుతుంది, ఎందుకంటే రాయిని దానికే ఆనించి లేపుతాం.

వెల్డింగు, సిమెంటు, పురుగుమందు – ఈ మూడింటిలో ప్యాంటు చిరగడంకంటే పెద్ద ప్రమాదం ఒంటికి ఉంటుంది. వాటి సంగతి దారిలో చెప్పుకుందాం.

కావలసినవి

- ఇదివరకు పనిలో చిరిగిన పాత ప్యాంటు (పారేయకండి, మొదటి పాఠం అదే)
- టైలర్లు వాడే టేపు, ఒక సుద్దముక్క
- అగ్గిపెట్టె, ఒక చిన్న పట్టకారు
- తూకం వేయడానికి కిరాణా కొట్టు త్రాసు
- పనికి వేసుకునే చెప్పులు లేదా బూట్లు. కొలతకు వెళ్ళేటప్పుడు అవే వేసుకుందాం.

పద్ధతి

1. పాత ప్యాంటును పరచి చూద్దాం. తిరగేసి నేలమీద పరచండి. చిరిగిన చోటల్లా సుద్దతో గుర్తు పెడదాం. కుట్టు విడిపోయి బట్ట బాగానే ఉంటే దారమో కుట్టో బలహీనమని అర్థం. కుట్టు పక్కనే బట్ట చిరిగితే ప్యాంటు బిగుతు. బట్ట జల్లెడలా పల్చబడితే అది అరుగుడు. ఈ మూడింటికీ మందు వేర్వేరు. ఇది చూడకుండా అంగడికి వెళ్తే మళ్ళీ అదే ప్యాంటు తెచ్చుకుంటాం.

2. బట్టను చేత్తో పట్టి చూద్దాం. పోచంపల్లి, గద్వాల, నారాయణపేట నేతల మధ్య పెరిగినవాళ్ళం. మన ఇళ్ళలో ఆడవాళ్ళు చీర కొనేటప్పుడు వెలుతురుకు ఎత్తి చూస్తారు, అంచు నలిపి చూస్తారు. ప్యాంటు బట్టకూ అదే చేద్దాం. ఎండకు ఎత్తి పట్టుకుంటే వేళ్ళ నీడ స్పష్టంగా కనిపిస్తే వద్దు. బట్టమీద సన్నని ఏటవాలు గీతలున్నాయా? ఉంటే అది ట్విల్ నేత. జీన్స్, ఖాకీ డ్రిల్లు ఈ నేతవే. దారాలు దగ్గర దగ్గరగా సర్దుకొని ఉంటాయి కాబట్టి అరుగుడుకు బాగా ఓరుస్తాయి. ఇప్పుడు గోటితో అడ్డంగా గట్టిగా గీరండి. దారాలు పక్కకు జరిగి సందు పడితే అది పనికి ఆగే నేత కాదు.

నూలు ఎంతో పాలిస్టర్ ఎంతో తేల్చుకోవాలంటే, అంగడివాళ్ళను అడిగి అంచునుంచి నాలుగు పోగులు లాగుదాం. బయటికి వచ్చి, పట్టకారుతో పట్టుకొని కాల్చుదాం. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద పొడిగా రాలుతుంది. పాలిస్టరైతే కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. రెండూ కలిసిన బట్టలో రెండు గుర్తులూ కనిపిస్తాయి. వేళ్ళతో పట్టుకొని కాల్చొద్దు, కరిగిన చుక్క చర్మానికి అంటుకుంటే వదలదు.

ఈ పరీక్షే వెల్డింగు పనివాళ్ళకు జవాబు కూడా చెబుతోంది. నిప్పురవ్వలు పడే పనికి పూర్తి నూలు బట్టే వేసుకోవాలి. మిగతా పనులకు నూలు ఎక్కువ, పాలిస్టర్ కొంచెం కలిసిన ట్విల్ నాకు నచ్చుతుంది. పాలిస్టర్ అరుగుడును ఆపుతుంది, తొందరగా ఆరుతుంది. నూలు చెమట పీల్చుకుంటుంది. ఏప్రిల్, మే ఎండల్లో పూర్తి పాలిస్టర్ వేసుకుంటే తొడల సందు రోజంతా తడిగా ఉంటుంది, తామర పట్టుకుంటుంది.

3. బరువు తూచుదాం. ఎంత దళసరి అనేది చేతికి ఒక్కోసారి ఒక్కోలా తోస్తుంది, త్రాసు మాత్రం మారదు. 58 అంగుళాల పన్నా ఉన్న బట్టలో ప్యాంటుకు 1.2 నుంచి 1.3 మీటర్లు చాలు. మనం 1.5 మీటర్లు తీసుకుందాం, మిగిలిన ముక్క పని తర్వాత చెబుతాను. ఆ 1.5 మీటర్ల బట్ట 550 నుంచి 660 గ్రాముల మధ్య తూగితే మన ఎండలకూ పనికీ సరిగ్గా సరిపోతుంది. చదరపు మీటరుకు లెక్కేస్తే అది 250 నుంచి 300 గ్రాములు. 440 గ్రాములకు తగ్గితే మరీ పల్చన. 800 దాటితే బలమైనదే కానీ మధ్యాహ్నం ఎండలో మోయలేం. రాతి పనికి, కంప పనికి చలికాలంలో అలాంటిది ఒకటి ఉంచుకోవచ్చు.

4. తడిపి ఆరేద్దాం. నూలు బట్టను కుట్టించే ముందు ఒక రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పిండకుండా నీడన ఆరేయాలి. ఎంత కుంచించుకుపోతుందో చూడాలంటే తడిపే ముందు బట్ట పొడవున 20 సెంటీమీటర్ల దూరంలో దారంతో రెండు గుర్తులు కుట్టండి. ఆరాక అది 19 అయిందనుకోండి, మీటరు పొడవున్న ప్యాంటు కాలు 5 సెంటీమీటర్లు పైకి పోయేదన్నమాట. రెడీమేడ్ నూలు ప్యాంటును ముందే తడపలేం కాబట్టి పొడవులో రెండు అంగుళాలు ఎక్కువే చూసుకొని, ఒక ఉతుకు అయ్యాకే కింద మడత కుట్టించుకోవాలి.

5. గొంతుకూర్చుని కొలుద్దాం. ఈ మెట్టు దగ్గర తొందరపడొద్దు. టైలరు మనల్ని నిలబెట్టి కొలుస్తాడు. అది అయ్యాక "అన్నా, కూర్చున్నప్పుడు కూడా కొలువు" అని అడుగుదాం. గొంతుకూర్చుంటే పిరుదుల చుట్టుకొలత పెరుగుతుంది. నిలబడి 38 అంగుళాలు వచ్చి, కూర్చుంటే 40 వస్తే, సీటు 40కి తక్కువ ఉండకూడదు, ఇంకో అంగుళం ఉంటే హాయి. మోకాలి దగ్గర కాలు మడిచి చుట్టూ కొలిచి రెండు అంగుళాలు కలపాలి. నడుము వెనకభాగం ముందుకంటే ఒక అంగుళం ఎత్తుగా ఉండాలి. వంగినప్పుడు వెనక జారేది అక్కడే.

కాళ్ళ కుట్లూ ముందువెనకల కుట్లూ నాలుగూ ఒకచోట కలుస్తాయి కదా, లాగుడంతా ఆ ఒక్క చుక్కమీదే పడుతుంది. అక్కడ పతంగి ఆకారంలో అరచేతంత ముక్క వేసి కుట్టమని అడుగుదాం. నాలుగు కుట్లూ దూరం జరిగి లాగుడు పంచుకుంటాయి. కొందరు టైలర్లు "ప్యాంటుకు ఎవరేస్తారు?" అంటారు. పనికి వేసుకుంటానని ఓపికగా చెబితే చేస్తారు.

మన పొలాల్లో ఆడవాళ్ళు చీరమీద నిండు చేతుల చొక్కా తొడుక్కొని పత్తి ఏరడం చూస్తూనే ఉంటాం. ఇప్పుడు ప్యాంటు వేసుకొని పనిచేసే ఆడపిల్లలూ ఉన్నారు. వాళ్ళు మగవాళ్ళ రెడీమేడ్ ప్యాంటు తీసుకుంటే నడుము దగ్గర వదులు, తుంటి దగ్గర బిగుతు అవుతుంది. తుంటికి సరిపోయేది తీసుకొని నడుము తగ్గించుకోవాలి తప్ప నడుము చూసి తీసుకోవద్దు.

6. లోపలివైపు చూద్దాం. రెడీమేడ్ ప్యాంటును అంగట్లోనే తిరగేయండి, మొహమాటపడొద్దు. కాలి కుట్టు దగ్గర రెండు అంచులూ ఒకదాంట్లో ఒకటి మడిచి, పైన జంట కుట్టు వేసి ఉంటే మేలైన పని. ఒక్క వరుస కుట్టి, ఓవర్‌లాక్ చేసి వదిలేస్తే సీటు దగ్గరైనా ఇంకో వరుస వేయించుకోవాలి. అంగుళానికి ఎనిమిది నుంచి పది కుట్లు చాలు. మరీ దగ్గరగా కుడితే సూది రంధ్రాల వరుస వెంబడే బట్ట చిరుగుతుంది. కుట్టుకు రెండువైపులా పట్టుకొని లాగండి, దారం పళ్ళలా ఇకిలించి కనిపిస్తే ఆ ప్యాంటు పక్కన పెట్టేద్దాం.

7. జేబులు, మోకాళ్ళు. జీన్స్ ప్యాంటు జేబు మూలల్లో కనిపించే రాగి మేకులు సోకు కోసం వచ్చినవి కావు. అమెరికాలో జేకబ్ డేవిస్ అనే దర్జీని కట్టెలు కొట్టే ఒకతని భార్య చిరగని ప్యాంటు కుట్టిమ్మని అడిగింది. ఆయన జేబు మూలలకు రివెట్లు కొట్టిచ్చాడు. తర్వాత లీవై స్ట్రాస్‌తో కలిసి 1873 మే 20న దానికి పేటెంటు పొందాడు. మనకు రివెట్లు లేకపోయినా, ప్రతి జేబు మూలలో అటూఇటూ నాలుగైదుసార్లు తిప్పిన గట్టి కుట్టు వేయించుకుందాం. జేబు లోపలి సంచి పల్చటి గుడ్డతో వేస్తే మేకులు, బోల్టులు నెలలో బయటికొస్తాయి. అక్కడ ముతక నూలు గుడ్డ అడగండి.

మోకాలికి అదే బట్టతో రెండో పొర వేయిద్దాం, మోకాలికి పైన ఒక జానెడు, కింద ఒక జానెడు. కింది అంచు పూర్తిగా మూసేయకుండా సగం తెరిచి ఉంచమనండి. నేను మొదటిసారి నాలుగువైపులా కుట్టించాను. వారానికల్లా ఆ పొరలో ఇసుక నిండి మోకాలికి చిన్న మూట కట్టినట్టయింది, లోపలి బట్ట బయటిదానికంటే ముందు అరిగింది.

8. వేసుకొని పనిచేసి చూద్దాం. డబ్బులిచ్చే ముందు ప్యాంటు వేసుకొని మూడు పనులు చేద్దాం. గొంతుకూర్చుని లేవాలి. ఒక కాలు ఎత్తయిన బల్లమీద పెట్టాలి. పార పట్టినట్టు నడుము వంచి పక్కకు తిరగాలి. ఎక్కడా బట్ట పట్టకూడదు, వెనక నడుము జారకూడదు, జేబులో ఫోను తొడను పొడవకూడదు. కింది అంచు మడమ పైభాగాన్ని తాకితే చాలు. నేలకు ఈడ్చే అంచును మనమే తొక్కి పడతాం. బయటికి మడిచిన అంచులు కూడా వద్దు, సిమెంటు పెళ్ళలూ నిప్పురవ్వలూ అందులోనే చేరతాయి.

తరచూ జరిగే పొరపాట్లు

ఒక్కటే ప్యాంటు కొనడం. రోజూ చెమటతో తడిసి, సరిగా ఆరకుండానే మళ్ళీ వేసుకుంటే బట్టా పోతుంది, చర్మమూ పోతుంది. కనీసం రెండు ఉండాలి, మార్చి మార్చి వేసుకుందాం.

ధర మాత్రమే చూడడం. 400 రూపాయల ప్యాంటు నాలుగు నెలలు నడిస్తే నెలకు 100 పడింది. 900 ప్యాంటు ఏడాది నడిస్తే నెలకు 75. కొన్న తేదీ జేబు లోపల పెన్నుతో రాసుకుంటే ఈ లెక్క మనకే తెలుస్తుంది.

నల్ల రంగు తీసుకోవడం. మట్టి కనపడదని తీసుకుంటారు, కానీ ఎండను ఎక్కువ పీల్చుకుంటుంది. ఖాకీ అన్న మాట పుట్టిందే ఖాక్, అంటే దుమ్ము, అనే ఫారసీ మాటనుంచి. మన చల్క దుమ్ముకు ఆ రంగే నప్పుతుంది.

తడి సిమెంటును ప్యాంటుమీద ఆరనివ్వడం. తడి సిమెంటులో క్షారం ఎక్కువ, బట్టలోంచి ఇంకి చర్మాన్ని కాలుస్తుంది, నొప్పి మాత్రం ఆలస్యంగా తెలుస్తుంది. మోకాళ్ళు తడవగానే ప్యాంటు మార్చుకొని, కాళ్ళు నీళ్ళతో బాగా కడుక్కోవాలి. సాయంత్రం దాకా ఆగొద్దు.

మందు కొట్టిన ప్యాంటును ఇంటి బట్టలతో కలిపి ఉతకడం. ఎంత మంచి నూలు బట్టైనా మందును ఆపదు, పీల్చుకొని ఒంటికి ఆనిస్తుంది. మందు కొట్టేటప్పుడు ప్యాంటు అంచును బూటులోకి దోపకుండా బూటుమీదికి వదలాలి, లేకపోతే కారిన మందు నేరుగా పాదానికి చేరుతుంది. ఇంటికి రాగానే విప్పి, చేతికి తొడుగు వేసుకొని, బావికీ తాగే నీళ్ళకూ దూరంగా విడిగా ఉతకాలి.

చివరి పొరపాటు, చిల్లు పడ్డాక అతుకు వేయడం. మోకాలి దగ్గర బట్ట పల్చబడి రంగు పోయినప్పుడే వేయాలి. మనం మిగుల్చుకున్న ముక్క ఇప్పుడు తీద్దాం. ప్యాంటుతోపాటే తడిసి ఆరింది కాబట్టి ఇక కుంచించుకుపోదు. మూలలు గుండ్రంగా కత్తిరించుకోండి, కోణాలుంటే అక్కడినుంచే లేస్తుంది. పల్చబడిన చోటుకంటే నాలుగువైపులా రెండేసి అంగుళాలు ఎక్కువ ఉండాలి. లోపలినుంచి పెట్టి, ముందు కచ్చా కుట్టు వేసుకొని, ప్యాంటు తొడుక్కొని ఒకసారి గొంతుకూర్చుని చూద్దాం. ఎక్కడా లాగకపోతే మిషన్ కుట్టు వేయించుకోవచ్చు.