తెలిసింది తెలిసినట్లు చెబుదాం



మీ ఇంట్లో బయోటెక్నాలజీ చదివే అమ్మాయో అబ్బాయో ఉన్నారా? సెలవులకు వచ్చినప్పుడు వారిని ఊళ్లోవాళ్లు తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది: "జన్యుమార్పిడి మంచిదా, చెడ్డదా?" ఒక్క మాటలో జవాబు చెప్పడం తేలికే. కాని ఆ మాట నమ్మి ఒకరు విత్తనం కొంటారు, మరొకరు మందు మానేస్తారు. అందుకే ఎలా వివరించాలో ఈ వారం నేర్చుకుందాం.

1. ముందు సంగతి చెప్పాలి

ఏ ప్రోటీను ఎలా తయారు కావాలో జీవకణానికి తెలిపేవి జన్యువులు. ఒక జీవి జన్యువును మరొక జీవిలో చేర్చితే, ఆ రెండవ జీవి కూడ ఆ ప్రోటీనును తయారు చేయగలదు. ఇది జన్యుమార్పిడి. జన్యువులను కొత్తగా రూపొందించి, యంత్రభాగాల్లా కూర్చి, జీవిచేత కొత్త పని చేయించడం సింథటిక్ బయాలజీ.

ఇంట్లో ఉన్న ఉదాహరణతో మొదలుపెట్టండి. ఒకప్పుడు షుగరు రోగుల ఇన్సులిన్‌ను పందులు, పశువుల క్లోమం నుండి తీసేవారు. 1978లో శాస్త్రజ్ఞులు మానవ ఇన్సులిన్ జన్యువును బ్యాక్టీరియాలో చేర్చారు. 1982లో ఆ మందు వాడకానికి వచ్చింది. మన హైదరాబాదులోనే శాంతా బయోటెక్నిక్స్ 1997లో విడుదల చేసిన హెపటైటిస్-బి టీకా కూడ జన్యుమార్పిడి ఈస్ట్ సాయంతో తయారైనదే.

2. మేలునూ పరిమితినీ కలిపి చెప్పాలి

మన దేశంలో బి.టి. పత్తికి 2002లో అనుమతి లభించింది. నేలలో ఉండే ఒక బ్యాక్టీరియా జన్యువు అందులో ఉంది. ఆ మొక్కను తిన్న కాయతొలుచు పురుగు చస్తుంది. అయితే రసం పీల్చే పురుగులను అది ఆపలేదు. పైగా, మొదటి రకం బి.టి. పత్తిని గులాబీ రంగు పురుగు తట్టుకుంటున్నట్లు 2010లో గుజరాత్‌లో వెల్లడైంది. మేలు మాత్రమే చెబితే రైతు మోసపోతాడు. కీడు మాత్రమే చెబితే ఇన్సులిన్ వేసుకునే తల్లి భయపడుతుంది.

3. చెప్పేవారు వినాలి కూడ

అమెరికాలోని ఎం.ఐ.టి.లో 2003లో ఒక తరగతిగా మొదలైన ఐజెమ్, మరుసటి సంవత్సరం విద్యార్థుల పోటీగా మారింది. 2006లో ఎడిన్‌బరో విద్యార్థులు నీటిలో ఆర్సెనిక్ విషం ఉంటే ఆమ్లాన్ని తయారుచేసే బ్యాక్టీరియాను రూపొందించారు. రంగు మారితే విషం ఉన్నట్లు! తెలివైన ఉపాయమే. కాని మార్చిన బ్యాక్టీరియాను పల్లె బావి దగ్గరికి తేవచ్చునా? ఆ నీళ్లు తాగేవారిని అడగకుండా దీనికి జవాబు దొరకదు. అందుకే ప్రయోగం ఫలించడం ఒక్కటే చాలదని, సమాజంతో మాట్లాడి ఆలోచించాలని ఆ పోటీ విద్యార్థులకు నేర్పుతుంది.

బి.టి. వంకాయపై 2010 జనవరి, ఫిబ్రవరి నెలల్లో హైదరాబాదు సహా ఏడు నగరాల్లో బహిరంగ సభలు జరిగాయి. ఫిబ్రవరిలోనే కేంద్రప్రభుత్వం దాని వాణిజ్య సాగుకు అనుమతిని నిలిపివేసింది.

ఫ్రాన్సిస్ పాపుగారు 2015లో వెలువరించిన 'లౌదాతో సీ' విశ్వలేఖలో, జన్యుమార్పిడి అంతటికీ కలిపి ఒకే తీర్పు చెప్పడం కష్టమన్నారు. రైతులు, వినియోగదారులు, శాస్త్రజ్ఞులు, దీనివల్ల ప్రభావితులయ్యే అందరూ తమ బాధలు చెప్పుకోవాలని, వారికి నమ్మదగిన సమాచారం అందాలని కోరారు. కనుక "ఇది దేవుని సృష్టిలో జోక్యం కాదా?" అని తాతయ్య అడిగితే, విద్యార్థులారా, నవ్వకండి. ఏ జీవి, ఏ మార్పు, ఎవరి కోసం, నష్టం వస్తే ఎవరు భరించాలి అని ఆయనతో కలిసి ఆలోచించండి. తెలియనిది అడిగితే "తెలుసుకుని చెబుతాను" అనండి. అది చదువుకు చిన్నతనం కాదు.

కుటుంబంలో చర్చించండి:

అ) మన ఇంట్లోని మందుల్లో, పొలంలో జన్యుమార్పిడి వల్ల వచ్చినవి ఏవి?

ఆ) కొత్త విత్తనం కొనేముందు మనం ఎవరిని, ఏమని అడగాలి?