నల్లరేగడిలో తక్కువ దుక్కితో సోయాచిక్కుడు



జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలలో రేగడి భూములు గలవారు ఎక్కువగా ప్రత్తి, మొక్కజొన్న వేయుచున్నారు. ఆదిలాబాదు, నిర్మల్, కామారెడ్డి, నిజామాబాదు ప్రాంతములలో సోయాచిక్కుడు స్థిరపడిన పంట. సుమారు నూరు దినములలో కోతకు వచ్చును. తరువాత అదే చేనిలో శనగ వేసికొనవచ్చును. ఈ పంటను మీ చేనిలోనికి తెచ్చుటకు ముందు ఒక మాట ఆలోచింపుడు. ముసురు పట్టిన దినములలో రేగడిలో గుంటుక దిగునా?

దిగదు. అడుగు పెట్టిన కాలికే మన్ను అంటుకొనును. అరక తిరిగి ఆరుదాకా కలుపు ఆగదు. విత్తిన మొదటి 45 దినములలో కలుపును అణచనిచో దిగుబడి బాగా తగ్గును. కాన కలుపుతో పోరు విత్తుటకు ముందే ఆరంభింపవలెను.

దుక్కి ఎందుకు తగ్గించవలెను?

రేగడి వేసవిలో నెఱ్ఱెలు విచ్చును, పైమన్ను దానంతటదే పొడియగును. దుక్కిలో కొంతపని ఎండయే చేయుచున్నది. లోతుగా దున్నిన ప్రతిసారి అడుగున పడియున్న కలుపు గింజలు పైకి వచ్చి మొలచును. తడిమీద దున్నినచో పెళ్ళలు లేచును, అడుగు గట్టిపడును. అయితే తుంగ, గరిక దట్టముగా నున్న చేలను ముందుగా ఒక వేసవిలో లోతుగా దున్ని, గడ్డలను, వేళ్ళను ఎండబెట్టవలెను. పైపై గుంటుకకు అవి చావవు.

చేయవలసిన పని

తొలకరి వానకు కలుపును మొలవనిండు. రెండు మూడు ఆకులు వేయగానే, పొడి వేళలో, రెండంగుళములకు మించని లోతున గుంటుక తోలి దానిని చంపుడు. తరువాత మరల కదిలింపక, 60 నుండి 75 మిల్లీమీటర్ల వాన కురిసి పదును కుదిరినపుడు విత్తుడు. జూన్ నడిమి నుండి జూలై నడిమి వరకు అదను.

సోయా విత్తనము నిలువయందు త్వరగా మొలకశక్తి కోల్పోవును. కాన నూరు గింజలను తడిగోనెలో చుట్టి పరీక్షింపుడు. 70కి తక్కువ మొలచిన విత్తనమును వాడరాదు. ఎకరమునకు 25 నుండి 30 కిలోలు పట్టును. రైజోబియం పొడిని బెల్లపు నీటితో పట్టించి నీడన ఆరబెట్టుడు. సాళ్ళ నడుమ 45 సెంటీమీటర్లు ఉంచి, గింజను ఒక అంగుళమునకు మించి లోతున పడనీయకుడు. నాలుగైదు సాళ్ళకొక కాలువ తీసినచో మురుగు నీరు పోవును. పాత పైరు మోళ్ళను కాల్చక, నరికి సాళ్ళ నడుమ పరచుడు.

కలుపు మందులు

విత్తిన రెండు దినములలోపల, నేల తడిగా నున్నపుడు, పెండిమిథాలిన్ 30 శాతము మందును ఎకరమునకు 1 నుండి 1.3 లీటర్లు, 200 లీటర్ల నీటిలో కలిపి చల్లుడు. బంకమన్ను కొంత మందును పట్టియుంచును గనుక రేగడికి పైమోతాదు తగును. సుమారు 20 దినములకు మరల కలుపు లేచినచో, అది లేతగా నుండగనే ఇమజితాపిర్ 10 శాతము మందును 400 మిల్లీలీటర్లు వాడవచ్చును. డబ్బాపై సూచనలు చదివి, ముఖమునకు గుడ్డ, చేతులకు తొడుగులు ధరింపుడు.

ముఖ్యముగా గమనింపుడు: మొక్కజొన్నకు వాడు అట్రజిన్ సోయాను చంపును. ఇతర పైరులకు మందు చల్లిన పంపును చక్కగా కడుగక సోయాలో వాడరాదు.

మొదటి ఏడు ఒక ఎకరమే వేయుడు. అందు సగమును మీ పాతపద్ధతిని, సగమును ఈ పద్ధతిని సాగుచేసి, అరకల ఖర్చు, కలుపు కూలి, దిగుబడి వేర్వేరుగా వ్రాసికొనుడు. గ్రామాధికారులు ఆ లెక్కను రైతువేదికలో అందరియెదుట చదివింపవలెను. ఇతరుల మాటకన్న మీ చేని లెక్కయే మీకు సరియైన సాక్ష్యము.