కేకులోకి బాదం పొడి: కొనే ముందు చూడవలసినవి

క్రిస్మస్ దగ్గరపడగానే మన ఇళ్ళలో కేకుల పని మొదలవుతుంది. "షుగర్ వ్యాధి ఉన్నవాళ్ళం మైదా తగ్గించి బాదం పొడి వేసుకోవచ్చా?" అని మా ఓ.పి.కి వచ్చేవారు అడుగుతుంటారు. వేసుకోవచ్చు. 100 గ్రాముల మైదాలో సుమారు 75 గ్రాముల పిండిపదార్థం ఉంటే, బాదంలో పీచుతో కలిపి సుమారు 22 గ్రాములే ఉంటుంది. అయితే కొట్టులో "బాదం పొడి" అంటే రెండు వేరు వేరు వస్తువులు ఇస్తారు. ఆ తేడా తెలుసుకోవాలి.

1. ఏది అసలు బాదం పొడి?
పాలలో కలుపుకొనే బాదం మిక్స్ ఒకటి. డబ్బా మీద బాదం బొమ్మ పెద్దగా ఉన్నా, చాలావాటిలో ఎక్కువ భాగం చక్కెరే. వట్టి బాదం పప్పు పట్టిన పొడి రెండవది. కేకుకు కావలసింది ఇదే. ప్యాకెట్ వెనుక పదార్థాల పేర్లు ఎక్కువ బరువు ఉన్నదానితో మొదలై వరుసగా ఉంటాయి. అక్కడ బాదం ఒక్కటే ఉండాలి. ఇంగ్లీషు రాకపోతే చదువుకునే పిల్లల చేత చదివించుకోండి. తయారీ తేదీ, 14 అంకెల ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. లైసెన్సు నెంబరు కూడా చూడండి.

2. విడి పొడి కొనవద్దు
విడిగా తూచి ఇచ్చే పొడిలో చవకైన పల్లీ పొడి కలిపినా కంటికి తెలియదు. పల్లీలు పడనివారికి అది ప్రాణాపాయం కావచ్చు.

3. పప్పు కొని ఇంట్లో పట్టుకోవడం మేలు
కేకుకు ఖరీదైన మామ్రా బాదం అవసరం లేదు. మామూలు కాలిఫోర్నియా బాదం చాలు. ఒక పప్పు విరిచి చూడండి. లోపల తెల్లగా ఉండాలి. పాత నూనె వాసన, బూజు, పురుగు ఉంటే కొనవద్దు. బూజు విషం ఓవెన్ వేడికి పూర్తిగా పోదు. పచ్చి పప్పు బాగా చేదుగా ఉంటే ఉమ్మివేయండి. చేదు బాదంలో సైనైడ్ పుడుతుంది.

వేడినీళ్ళలో నానబెట్టి, తొక్క తీసి, బట్ట మీద పూర్తిగా ఆరబెట్టండి. మిక్సీని ఆపి ఆపి తిప్పండి. ఒకేసారి తిప్పితే నూనె వచ్చి ముద్ద అవుతుంది. కేకు కొలతలోని మైదా ఒక చెంచా కలిపితే పొడిగా వస్తుంది. 100 గ్రాముల పప్పుకు సుమారు ఒక కప్పు పొడి వస్తుంది.

4. ఎంత వేయాలి? ఎలా దాచాలి?
మైదాలో నాలుగో వంతు తీసి ఆ మేరకు బాదం పొడి వేయండి. అంతకు మించితే కేకు సరిగా పొంగదు. బాదంలో సగం బరువు కొవ్వే గనుక పొడి త్వరగా పాడవుతుంది. గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో ఉంచి, నెల రోజుల్లో వాడేయండి.

5. మరువకూడని మాటలు
బాదం వేసినా కేకులో చక్కెర ఉంటుంది. 100 గ్రాముల బాదంలో దాదాపు 580 కేలరీలు ఉంటాయి. షుగర్ వ్యాధి ఉన్నవారికి చిన్న ముక్క చాలు.

బాదం తిన్న తరువాత పెదవులు వాచినా, ఒళ్ళంతా దద్దుర్లు వచ్చినా, ఆయాసం వచ్చినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకురండి. ఇరుగుపొరుగుకు, సంఘంలోని కుటుంబాలకు కేకు పంచేటప్పుడు "ఇందులో బాదం ఉంది" అని ముందే చెప్పండి. ఆ ఒక్క మాట ఒక పసివాడి ప్రాణం కాపాడవచ్చు.