కౌమారవిద్య: శరీరజ్ఞానము, సంబంధమర్యాద

క్రీ.శ. 1871 వ సంవత్సరమున కేశవచంద్రసేనులవారు కలకత్తా నగరమునందలి ప్రసిద్ధ వైద్యులకు లేఖలు వ్రాసి, ఈ దేశపు బాలికలకు వివాహము చేయుటకు దేహశాస్త్రమునుబట్టి తగిన వయస్సెద్దియని యడిగిరి. 16 ఏండ్ల ప్రాంతము మేలని పలువురు వైద్యులు ప్రత్యుత్తర మిచ్చిరి. నాటి జనుల యోర్పును గూడ నాలోచించి 1872 వ సంవత్సరపు వివాహచట్టమున వధువునకు 14, వరునకు 18 ఏండ్లు కనిష్ఠవయస్సుగ నిర్ణయించిరి. బాలిక దేహమును గూర్చిన ప్రశ్నను పంచాంగమునుండి తప్పించి వైద్యుని యెదుట బహిరంగముగ నుంచిన గౌరవము ఆ విధముగ బ్రాహ్మసమాజమునకు దక్కినది. అయితే ఆరేండ్లకే, 1878 మార్చి మాసమున, కేశవచంద్రులవారు 13 ఏండ్ల తమ కుమార్తె సునీతిదేవిని కూచిబిహారు రాజకుమారున కిచ్చి వివాహము చేసిరి. అందుపై మనస్సు విఱిగినవారు వేఱుపడి, ఆ సంవత్సరము మే 15 వ తేదీన సాధారణ బ్రాహ్మసమాజమును స్థాపించిరి. సభలో నొప్పుకొన్న సత్యమును ఇంటిలో నాచరించుట యెంత కష్టమో తెలుపుటకు ఇంతకన్న వేఱు నిదర్శన మక్కఱలేదు.

10 మొదలు 19 ఏండ్ల వఱకు గల కాలమును కౌమారమందురు. ఈ కాలమున బాలబాలికలకు తమ శరీరమును గూర్చియు, ఒకరితో నొకరు మెలగవలసిన మర్యాదను గూర్చియు చెప్పవలసిన పాఠమును మన యిండ్లలో నెవ్వరును చెప్పుట లేదు. ఆంధ్రదేశమున రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు భోగముమేళములను నిరసించి, శీలవిషయమున స్త్రీకిని పురుషునికిని ధర్మ మొక్కటియేయని బోధించిరి. ఆ మహనీయుని వలన శౌచమును నేర్చినవారు పెక్కండ్రు. కాని కాలక్రమమున మనలో ననేకులు శౌచమనగా నోరు మూసికొనుటయే యని భ్రమించిరి. ఈ రెండును వేఱని చూపుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

బాలిక రజస్వల యైన దినమున మన యిండ్లలో నేమి జరుగునో జ్ఞప్తికి దెచ్చుకొనుడు. ఆమెను చాపమీద మూలగ గూర్చుండబెట్టుదురు, చిమ్మిలి దంచుదురు, పేరంటాండ్రను బిలుతురు. ఇప్పుడు మండపములు బాడుగకు దీసికొని, రంగుల యాహ్వానపత్రికలు అచ్చువేయించి, ఛాయాచిత్రములు తీయించువారును గలరు. సంగతి వీధివారి కందఱకును దెలిసినది; తెలియనిది ఆ బాలిక కొక్కతెకే. రక్త మేల వచ్చినది, ఎన్నినాళ్లుండును, మఱల నెప్పుడు వచ్చును, తానేమైన తప్పుచేసెనా యను సందేహములకు సమాధానము లేదు. అది తాకరాదు, ఇక్కడ కూర్చుండరాదు, మగపిల్లలతో నాడరాదు అను నిషేధములు మాత్రము సమృద్ధిగ లభించును.

తల్లి చెప్పవలసినది స్వల్పము. దానిని వేడుకకు ముందే, తొమ్మిదవ పదవ యేటనే చెప్పవలయును. గర్భాశయపు లోపలిపొర నెలనెలకు దళసరియగును. గర్భము నిలువనప్పుడు ఆ పొర రక్తముతో గూడి వెలువడును. అందు మైల యనదగినదేదియు లేదు. తొలి యేండ్లలో 21 దినములకు నొకసారి, 45 దినములకు నొకసారి వచ్చినను భయపడ నక్కఱలేదు. ఏడు దినములకు మించి స్రవించినను, నొప్పిచే బడికి పోలేకున్నను, 15 ఏండ్లు నిండియు ముట్టు కాకున్నను వైద్యురాలికి చూపవలెను. గుడ్డలు వాడువారు వానిని సబ్బుతో నుతికి, సిగ్గుచే చీకటిమూలల దాచక, ఎండలో నారవేయవలయును. 2019–21 సంవత్సరముల జాతీయ కుటుంబారోగ్య పరిశీలనమున 15 మొదలు 19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మంది రక్తహీనతతో నున్నట్లు తేలినది. చిమ్మిలిలోని నువ్వులును బెల్లమును మంచివే. కాని ఆ శ్రద్ధ వేడుకనాళ్లతో ముగిసిపోవుచున్నదే!

ఈడేరినది గనుక పెండ్లి చేయవచ్చునను తలంపు ఇంకను సమసిపోలేదు. పై పరిశీలనమునందే 20 మొదలు 24 ఏండ్ల స్త్రీలలో 18 ఏండ్లు నిండకముందే వివాహమైనవారు ఆంధ్రప్రదేశమున నూటికి 29.3, తెలంగాణమున 23.5 వంతున నుండిరి. ముట్టు వచ్చుట శరీరపు టెదుగుదలకు ఆరంభముగాని పూర్తి కాదని తండ్రులకు దెలిసినయెడల ఈ సంఖ్యలు ఇట్లుండునా?

బాలుని విషయమున పేరంటమును లేదు, నిషేధమును లేదు. ఎవ్వరికిని జ్ఞాపకమే లేదు. గొంతు మాఱును, మీసకట్టు వచ్చును, ఒకనాటి రాత్రి నిద్రలో స్ఖలనమగును. వానికి రోగము పట్టినదని భయము. తండ్రి నడుగజాలడు, ఉపాధ్యాయుని నడుగజాలడు. కనుక గోడమీది ప్రకటన వానికి గురువగును. రైలుస్టేషనుల చెంతను, బస్సులు నిలుచుచోట్లను "నరముల బలహీనత", "ధాతునష్టము", "గుప్తరోగములు" అని వ్రాసి పిల్లల భయమును అమ్ముకొనువారిని మన మందఱము చూచుచునే యున్నాము. ఇన్ని చుక్కల రక్తము గలిసి యొక చుక్క వీర్యమగునని వీరు చెప్పు లెక్క శుద్ధాబద్ధము. వీర్యము రక్తమునుండి పిండబడునది కాదు. వృషణములయందు బీజకణములు ఎడతెగక పుట్టుచుండును. ఒక్కొక్కటి పక్వమగుటకు సుమారు రెండున్నర నెలలు పట్టును. వెలువడనివి శరీరమునందే లయించును. స్వప్నస్ఖలనము ఎదుగుదలకు గుఱుతు. హస్తప్రయోగమువలన గ్రుడ్డితనమో, క్షయయో, ఉన్మాదమో, నపుంసకత్వమో కలుగునను మాటలకు వైద్యశాస్త్రమున నాధారము లేదు.

ఇచ్చట నొక చేదుమాట చెప్పక తప్పదు. బ్రహ్మచర్యమును బోధించిన పెద్దలలో గొందఱు పిల్లలను అదుపునందుంచుటకు ఈ భయమునే సాధనముగ వాడిరి. అబద్ధముపై నిలిపిన నిగ్రహము ఆ యబద్ధము బయటపడిన నాడు కూలిపోవును. పిమ్మట ఆ బాలుడు పెద్దలు చెప్పిన నిజమైన మాటలను గూడ నమ్మడు. సత్యోపాసకులమని చెప్పుకొను మనకు అట్టి సాధనము తగదు.

భాషవలన గూడ నొక చిక్కు గలదు. ముక్కు, చెవి, మోచేయి యని బిడ్డకు ముద్దుగ నేర్పుదుము. నడుము క్రిందికి దిగునప్పటికి మన తెలుగు మూగవోవును. వీధిలో వినబడు మాటలు బూతులు. నిఘంటువులోని మాటలు బిడ్డ యెఱుగనివి. తనకెవరో కీడు చేసిరని చెప్పవలసి వచ్చినప్పుడు ఆ బిడ్డకు మాటయే దొరకదు. యోని, పురుషాంగము, వృషణములు, రొమ్ములు అను పదములను మిగిలిన యవయవముల పేళ్లతోపాటు నాలుగైదేండ్ల ప్రాయముననే వెక్కిరింపు లేకుండ నేర్పిన చాలును. పదియేండ్లు వచ్చువఱకు ఆగినచో సిగ్గు మనకన్న ముందు వచ్చి కూర్చుండును.

ఇక సంబంధమర్యాద. సమ్మతి యను పదము మన సంస్కారచరిత్రమున రక్తముతో వ్రాయబడినది. 1889 వ సంవత్సరమున కలకత్తాలో ఫూల్మణిదాసి యను పదిపదునొకండేండ్ల బాలిక భర్త సంగమించుటచే గాయపడి మరణించెను. ఆమెకు పదియేండ్లు నిండినవి గనుక అతనిపై అత్యాచారనేరము నిలువలేదు. 1891 లో సమ్మతివయస్సును 12 ఏండ్లకు పెంచుటకే దేశ మల్లకల్లోలమైనది. 2012 నాటి పోక్సో చట్టమునుబట్టి 18 ఏండ్లు నిండని బాలునిగాని బాలికనుగాని యొప్పుకొనిరనియైనను లైంగికక్రియకు బాల్పఱచుట నేరము. భార్యయైనను 18 ఏండ్లలోపు దానిని గూడుట అత్యాచారమేయని 2017 అక్టోబరు 11 వ తేదీన సుప్రీముకోర్టు నిర్ణయించినది. పరస్పరానురాగముతో నిల్లు విడిచిన 17 ఏండ్ల పిల్లలపై గూడ పోక్సో చట్టము ప్రయోగింపబడుట న్యాయమా యను వాదము జరుగుచున్నది. ఆ వాద మెట్లున్నను, చట్టమిట్లున్నదని పిల్లలకు ముందుగ దెలుపుట పెద్దల విధి.

కాని సమ్మతి చట్టముతో ముగియునది కాదు. భయముచే నూరకుండుట సమ్మతి కాదు. విసిగి "సరే" యనుట సమ్మతి కాదు. నిన్న నొప్పుకొని నేడు వలదనుటకు ఎవరికైనను హక్కు గలదు. మన చలనచిత్రములలో నాయకుడు నాయిక వెంట కళాశాలదాక, బస్సుదాక, ఇంటిదాక తిరుగును. ఆమె పదిమార్లు కాదనును. పదునొకండవ మాఱు పాట వచ్చును. దానిని చూచి పెరిగిన బాలుడు తిరస్కారమును సంభాషణకు మొదటి మెట్టుగ నెంచుటలో వింత యేమున్నది? అట్టివాడు కత్తియో ఆమ్లమో పట్టుకొన్ననాడు వార్తాపత్రికలు వానికి "ప్రేమోన్మాది" యని బిరుదిచ్చును. అందు ప్రేమయు లేదు, ఉన్మాదమును లేదు. ఎన్నడును కాదను మాట విననేర్వని బాలుడు మాత్రము గలడు. ఇష్టము లేదన్నను వెంటబడుటను 2013 నాటి చట్టసవరణ నేరముగ జేసినది. కాని ఆ పాఠము ఠాణాకు ముందు ఇంటిలో జరుగవలయును. అక్క తన గదిలోనికి రావలదన్నప్పుడు తమ్ముడు ఆగుట, పెద్దవారు ముద్దాడబోగా బిడ్డ తల త్రిప్పుకొనిన కోపింపకుండుట, ఇవియే దీనికి ఓనమాలు. స్నేహితురాలి సెల్ ఫోను రహస్యసంకేత మడుగుట, ఎవ్వరితో మాటలాడుచున్నదో లెక్క లడుగుట, తక్కిన చెలులనుండి విడదీయుట, ఇవి యనురాగమునకు గుఱుతులని బాలికలును భ్రమపడుచున్నారు. అది యాధిపత్యమని చెప్పువారు గావలెను.

మన గృహములు సురక్షితములను నమ్మకమునకు 2007 లో కేంద్రప్రభుత్వపు స్త్రీశిశుసంక్షేమశాఖ 13 రాష్ట్రములలో జరిపిన పరిశీలనము పెద్ద దెబ్బ. విచారింపబడిన బాలబాలికలలో నూటికి 53 మంది యేదో యొక రూపమున లైంగికపీడనకు గుఱియైనట్లు చెప్పిరి. పీడించినవారిలో సగముమంది యెఱిగినవారు, నమ్మికకు పాత్రులైనవారు. ఎక్కువమంది పిల్లలు ఎవ్వరికిని చెప్పుకొనలేదు. "మంచివాడు మామయ్య, అట్లనకు" అను నొక్క మాటచాలును, ఆ నోరు మఱల తెఱువబడకుండుటకు. బిడ్డ చెప్పినప్పుడు మొదట నమ్మవలయును. నీ తప్పు కాదని చెప్పవలయును. 1098 సంఖ్యకు ఫోను చేసియైనను, పోలీసులకు దెలిపియైనను ఫిర్యాదు చేయవలయును. తెలిసియు దాచుటను గూడ పోక్సో చట్టము నేరముగ నెంచును. కుటుంబగౌరవమను మాటను ఇచ్చట నెత్తకుండుట మంచిది.

సుఖవ్యాధులను గూర్చి సంక్షేపముగ జెప్పెదను. సవాయి మొదలగునవి సకాలమున మందుచే నయమగును, హెచ్.ఐ.వి. నిత్యౌషధముచే అదుపునందుండును, తొడుగు సరిగ వాడుట వీనినుండియు గర్భమునుండియు రక్షించును. గర్భాశయముఖపు పుండునకు మూలమగు వైరసు సోకకుండ 9 మొదలు 14 ఏండ్లలోపు బాలికలకు టీకా వేయించుట యుత్తమము. ఈ విషయములు పెండ్లియైన పిదప తెలిసికొనవచ్చును లెమ్మనువారు, 2019–21 లో హెచ్.ఐ.వి. ని గూర్చి సమగ్రజ్ఞానము గల పెద్దవయస్సు స్త్రీలు నూటికి 22 మందికి లోపేయని యెఱుగుదురుగాక.

చెప్పినచో పిల్లలు చెడుదురను నాక్షేపణ పాతది. 2005 లో కేంద్రప్రభుత్వము బడులలో కౌమారవిద్య నారంభింపగా, 2007 లో మహారాష్ట్రము, గుజరాతు, కర్ణాటకము, మధ్యప్రదేశము మొదలగు రాష్ట్రములు దానిని నిలిపివేసినవి. ఆ కారణమున పిల్లలు అజ్ఞానముతో నాగలేదు. వారి చేతికి అంతర్జాలము వచ్చినది. అందులోని నీచచిత్రములు చూచినవానికి స్త్రీ వస్తువనియు, కాదనుట నటన యనియు తోచును. ఇట్టి విద్యవలన పిల్లలు తొందరపడరనియు, పెక్కుచోట్ల తొలి యనుభవము ఆలస్యమగుననియు, జాగ్రత్త పెరుగుననియు 2018 లో ఐక్యరాజ్యసమితి విద్యాసంస్థ ప్రకటించిన గ్రంథము పరిశోధనలనుబట్టి తెలుపుచున్నది. 2024 సెప్టెంబరులో సుప్రీముకోర్టు సయితము సమగ్ర లైంగికవిద్య యావశ్యకమని సూచించినది.

ఉపాధ్యాయులకు ఉపయోగపడు నొక యుపాయమును జెప్పెదను. తరగతిగదిలో మూతకు చిన్న రంధ్రము గల పెట్టె నొకదాని నుంచి, ప్రతి విద్యార్థియు పేరు వ్రాయక యొక చీటీ వేయవలెనని నియమింపవలయును. అడుగవలసినది లేనివారు తెల్లచీటీ వేయుదురు. అందువలన నెవ్వరడిగిరో తెలియదు. మఱునాడు వానిని బిగ్గఱగ జదివి, తెలిసినదానికి సమాధానము చెప్పి, తెలియనిదానిని వైద్యుని నడిగి వచ్చెదనని చెప్పవలయును. బాలబాలికలను కొన్ని పాఠములకు వేఱుగ గూర్చుండబెట్టినను, సమ్మతిపాఠమునకు, ఋతుధర్మపాఠమునకు మాత్రము కలిపియే కూర్చుండబెట్టుట మేలని నా మతము. మొదటి దినమున నవ్వు వచ్చును. రానిండు, మూడవ చీటీ చదువునప్పటికి అది తనంతట తానే తగ్గును.