మెదడులోని నాలుగు చేతులు

కాల్షియము ఎముకలకును దంతములకును గట్టిదనము నొసగునని విద్యార్థులందఱు నెఱుగుదురు. కాని మన నేర్పునకును జ్ఞాపకమునకును గూడ అది యాధారమని యెఱిగినవారు కొలదిమంది.

మెదడునందలి నాడీకణము విశ్రాంతిగా నున్నప్పుడు దాని లోపల కాల్షియము అత్యల్పముగా నుండును. వెలుపల నది సుమారు 10,000 రెట్లు అధికము. కణము ప్రేరణ పొందగానే దాని పొరయందలి ద్వారములు తెఱచుకొని, కాల్షియము లోనికి ప్రవేశించును. ఆ రాకను కణమునకు తెలియజేయున దేది?

1970లో అమెరికాయందు చెంగ్, జపానునందు కాకియుచి అను శాస్త్రజ్ఞులు జంతువుల మెదళ్ళను వేర్వేరుగా పరిశోధించి, ఒక ఎంజైమును ఉత్తేజపఱచు మాంసకృత్తును కనుగొనిరి. దానికే పిమ్మట కాల్మోడ్యులిన్ అను పేరు గలిగెను. అది 148 అమైనో ఆమ్లముల గొలుసు.

1973లో క్రెట్సింగర్ అను శాస్త్రజ్ఞుడు కార్ప్ చేప కండరమునందలి వేఱొక మాంసకృత్తును పరీక్షించి, కాల్షియమును పట్టు భాగము బొటనవ్రేలును చూపుడువ్రేలును చాచిన కుడిచేతిని బోలియున్నదని తెలిపెను. కాల్మోడ్యులిన్‌లో నిట్టి చేతులు నాలుగు గలవు. ఒక్కొక్క చేయి యొక్కొక్క కాల్షియము అయానును పట్టుకొనును.

1985లో అలబామా విశ్వవిద్యాలయమున బాబు, బగ్, కుక్ మొదలగువారు కాల్మోడ్యులిన్ స్ఫటికములపై ఎక్స్ కిరణములను ప్రసరింపజేసి, దాని రూపమును గ్రహించిరి. నడుమ పొడవైన కడ్డీ. ఇరుప్రక్కల రెండు గుండ్లు. వ్యాయామము చేయువారి డంబెల్‌వలె నది కనబడెను. అయితే, నిటారుగా నున్న యీ కడ్డీ ఇతర మాంసకృత్తుల నెట్లు పట్టుకొనును?

1992లో ఇకురా, బాక్స్ మొదలగువారు బలమైన అయస్కాంతముల సహాయమున, ద్రావణమునందున్న కాల్మోడ్యులిన్‌ను పరిశీలించిరి. అది యొక ఎంజైము తునకను పట్టినప్పుడు కడ్డీ నడుమ వంగి, రెండు గుండ్లును దోసిలివలె దానిని చుట్టుకొనియుండెను! స్ఫటికము చూపినది అసత్యము గాదు. అది యొక భంగిమ మాత్రమే.

కాల్మోడ్యులిన్ మేల్కొలుపు ఎంజైములలో నొకటి లేని చుంచెలుకలు, నీటితొట్టిలో మునిగియున్న మెట్టు ఎచటనున్నదో నేర్చుకొనుటకు మిక్కిలి కష్టపడెనని అదే సంవత్సరమున తేలెను. కంటికి గానరాని యా పట్టు సడలినచో నేర్చుటయే కష్టమగును.

ఒక్క చూపుతో వస్తుస్వరూప మంతయు దెలియదు. మొదటి చిత్రముతో తృప్తి చెందక మరల ప్రశ్నించిన వారికే కాల్మోడ్యులిన్ తన రెండవ రూపమును జూపెను.